సున్నా వడ్డీయా, మూడు వేల రిబేటా? డీలర్‌షిప్ ఫైనాన్స్ గదిలోంచి ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎంఎస్ అయిపోయి డాలస్ వైపు ఉద్యోగం వచ్చింది, జీవితంలో మొదటి కొత్త కారు, బేరం అయ్యాక ధర 34,000 డాలర్లు, డౌన్ పేమెంటుకి చేతిలో 4,000 ఉంది. కార్ల కంపెనీ రెండిట్లో ఒకటి తీసుకోమంటోంది: 60 నెలలకు సున్నా వడ్డీ, లేకపోతే 3,000 డాలర్ల రిబేట్, అంటే కంపెనీ ఇచ్చే నగదు తగ్గింపు. రిబేట్ తీసుకుంటే అప్పు మీ క్రెడిట్ యూనియన్‌లో (సహకార బ్యాంకు లాంటిది) 6 శాతానికి. ఏది తీసుకోవాలి, అసలు కంపెనీకి ఇందులో ఏం మిగులుతుంది, ఆ మూడు వేలేదో ధరలోనే తగ్గించి అమ్మొచ్చు కదా అని అడిగారు. ఆఫర్ నెలాఖరుతో అయిపోతుందంటున్నారు, ఆగొచ్చా అని కూడా.

సూటిగా చెప్పాలంటే: మీ అంకెలకి సున్నా వడ్డీయే మేలు, కాకపోతే ఆ అప్పుని అయిదేళ్లూ ఉంచుకుంటేనే. రెండేళ్లలో కారు అమ్మేసే అవకాశం ఉంటే రిబేట్ తీసుకోండి.

లెక్క చూడండి. సున్నా వడ్డీ అయితే 30,000 అప్పు, నెలకి సరిగ్గా 500, మొత్తం కట్టేది 30,000. రిబేట్ తీసుకుంటే అప్పు 27,000కి దిగుతుంది కానీ 6 శాతం వడ్డీతో నెలకి 522 పడుతుంది, అయిదేళ్లకి 31,320 దాకా కడతారు. అంటే సున్నా వడ్డీలో 1,320 మిగులు. ఇదే రిబేట్ 5,000 అయ్యుంటే లెక్క తిరగబడేది: 25,000 మీద నెలకి 483, మొత్తం 29,000. రిబేట్ మూడు వేలే అయినా మీకు ఎక్కడైనా 4 శాతానికి అప్పు పుడితే మొత్తం 29,835, అప్పుడూ రిబేటే ఓ మెట్టు పైన. కాబట్టి "సున్నా వడ్డీ ఎప్పుడూ మంచిది" అని మీ రూమ్మేట్ చెప్పినా, "క్యాష్ ఎప్పుడూ మంచిది" అని మీ బాబాయ్ చెప్పినా, వాళ్లిద్దరూ వాళ్లు కొన్న కారు గురించి చెబుతున్నారు, మీ కారు గురించి కాదు.

ఇక రెండేళ్ల సంగతి. రిబేట్ మొదటి రోజే మొత్తం చేతికొచ్చేస్తుంది, సున్నా వడ్డీ లాభం మాత్రం అయిదేళ్ల పాటు నెలనెలా చుక్కచుక్కగా వస్తుంది. వీసా లాటరీలో పేరు రాక రెండేళ్లకి కారు అమ్మేసి వెళ్లిపోవాల్సి వచ్చిందనుకోండి, లేదా యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ వాళ్లు బాగుచేయడం దండగని కారుని టోటల్ చేశారనుకోండి, మిగిలిన మూడేళ్ల సున్నా వడ్డీ మీకు దక్కనట్టే. 24 నెలలకి సున్నా వడ్డీ దారిలో మీరు కట్టింది 12,000, ఇంకా బాకీ 18,000. రిబేట్ దారిలో కట్టింది దాదాపు 12,530, బాకీ 17,160. రెండూ కలిపి చూస్తే రిబేట్ దారిలోనే మూడొందల పైచిలుకు తక్కువ పడింది. మన పిల్లలకి ఇది ఊహల లెక్క కాదు, ఏటా ఏప్రిల్‌లో నా ఫోన్ మోగేది ఇందుకే.

నేనెవరో చెప్పలేదు కదూ. పదకొండేళ్లుగా డాలస్ చుట్టుపక్కల డీలర్‌షిప్పుల్లోనే పని. మొదటి మూడేళ్లు బయట లాట్‌లో, అంటే కార్లు నిలబెట్టే ఆవరణలో, ఎండలో కార్లు అమ్మాను, తర్వాత లోపల ఏసీ గదిలో కాగితాల మీద సంతకాలు పెట్టించే పనికి మారాను. ఆ గదిలోంచి చూస్తే ఆఫర్లు టీవీలో కనపడినట్టు కనపడవు.

అసలు విషయానికొస్తే, సున్నా వడ్డీ కూడా రిబేటే. కాకపోతే అది మీ చేతికి కాకుండా అప్పిచ్చేవాడి చేతికి వెళుతుంది. పెద్ద కార్ల కంపెనీలన్నిటికీ సొంత అప్పుల కంపెనీలుంటాయి. జనరల్ మోటార్స్ (జీఎం) 1919లోనే జీఎంఏసీ పెట్టింది, ఫోర్డ్ 1959లో ఫోర్డ్ క్రెడిట్ పెట్టింది, టయోటా వాళ్లది మనకి దగ్గర్లోనే ప్లేనోలో ఉంది. ఈ అప్పుల కంపెనీ ధర్మసంస్థ కాదు, అది కూడా బయట వడ్డీకి డబ్బు తెచ్చుకునే మీకిస్తుంది. మీ దగ్గర నెలకి 500 చొప్పున 60 నెలలు వసూలు చేస్తే వచ్చేది 30,000 అయినా, 5 శాతం వడ్డీ లెక్కన ఆ వాయిదాలన్నిటికీ ఈ రోజున విలువ 26,500 మాత్రమే. మిగతా మూడున్నర వేలు ఎవరు పూడుస్తారు? కారు తయారుచేసిన కంపెనీయే, మీ అప్పు ఖాయమైనప్పుడే, తన అమ్మకాల ఖర్చులోంచి. దాన్ని మేం సబ్‌వెన్షన్ అంటాం. ఇప్పుడు మీకు ఆ 3,000 రిబేట్ ఎక్కడినుంచి పుట్టిందో అర్థమైపోయుంటుంది. ఇటు మూడు వేలు, అటు మూడున్నర వేలు, ఒకే జేబు. అందుకే రెండూ కలిపి ఇవ్వరు.

కొన్ని నెలల్లో మాత్రం సున్నా వడ్డీతో పాటు 500, 1,000 "బోనస్ క్యాష్" అని విడిగా పెడతారు, అది రెండిటితోనూ కలుస్తుంది. అడిగితేనే తెలుస్తుంది, అడగండి.

మరి ఆ మూడు వేలు ధరలోనే తగ్గించొచ్చు కదా? మన ఊళ్లో బట్టల షాపువాడు ఆషాఢంలో యాభై శాతం బోర్డు పెడతాడు గానీ చీర మీద ఉన్న చీటీ మార్చడు కదా, ఇదీ అంతే. స్టిక్కర్ ధర, అంటే కారు అద్దం మీద కంపెనీ అంటించే ధర, ఒకసారి దించితే మళ్లీ ఎక్కించడం కష్టం. దించిన రోజునే లాట్‌లో ఉన్న కార్లకీ, పోయిన నెల కొన్నవాళ్ల కార్లకీ, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఉన్నవాటికీ విలువ పడిపోతుంది, కొన్నవాళ్లు మా షోరూమ్ ముందుకొచ్చి నిలబడతారు. రిబేట్ అయితే ఈ నెల టెక్సస్‌లో పెట్టి ఒహాయోలో పెట్టకుండా ఉండొచ్చు, ఒక సెడాన్ అమ్ముడుపోకపోతే ఆ మోడల్‌కే పెట్టొచ్చు, వచ్చే నెల తీసేయొచ్చు. ఇంకోటి, అది ఎవరికి కావాలో వాళ్లకే అందేలా కోయొచ్చు: పాత కస్టమర్‌కి లాయల్టీ క్యాష్, పోటీ కంపెనీ కారున్నవాడికి కాంక్వెస్ట్ క్యాష్, కొత్తగా డిగ్రీ తీసుకున్నవాడికి కాలేజ్ గ్రాడ్ రిబేట్, సైన్యంలో ఉన్నవాడికి మరొకటి. చివరిదాన్ని వదిలేస్తే మిగతా మూడూ మీకు పనికొస్తాయేమో చూసుకోండి. ముఖ్యంగా కాలేజ్ గ్రాడ్ గురించి కింద చెబుతాను.

ఈ అలవాటు ఎప్పుడు పట్టుకుందంటే 1975 జనవరిలో. చమురు సంక్షోభం తర్వాత క్రైస్లర్ దగ్గర అమ్ముడుపోని కార్లు గుట్టలుగా పడి ఉంటే, జో గారజియోలా అనే మాజీ బేస్‌బాల్ ఆటగాడిని టీవీలోకి తెచ్చి, కారు కొంటే కంపెనీయే మీకు చెక్కు రాసిస్తుంది అని చెప్పించారు. 200 నుంచి 400 డాలర్ల చెక్కులు. ఫోర్డ్, జీఎం కూడా వెంటనే దిగక తప్పలేదు. ఒక్కసారికే అనుకున్నది వాళ్లకే వ్యసనమైపోయింది, ఎందుకంటే కార్ల ఫ్యాక్టరీ కొళాయి కాదు, తిప్పితే ఆగడానికి. లైను ఆపినా యంత్రాల వాయిదాలు ఆగవు, డెట్రాయిట్ కంపెనీలకైతే (జీఎం, ఫోర్డ్, క్రైస్లర్) యూనియన్ ఒప్పందాల ప్రకారం పని లేని కార్మికులకీ జీతంలో చాలా భాగం ఇవ్వాల్సి వచ్చేది. ఆ లెక్కలో కారుకి రెండు వేలు వదులుకుని అమ్మడం, ఫ్యాక్టరీ మూసి కూర్చోవడం కంటే నయం.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత షోరూములు ఖాళీ అయిపోతే జీఎం "కీప్ అమెరికా రోలింగ్" అని సున్నా వడ్డీ పెట్టింది, మిగతావాళ్లు వెనకే వచ్చారు, ఆ అక్టోబర్‌లో అమ్మకాలు ఆకాశాన్నంటాయి. 2005 జూన్‌లో జీఎం ఇంకో అడుగు వేసి, మా ఉద్యోగికి ఇచ్చే ధరే అందరికీ అంది. ఆ నెల అమ్మకాలు అంతకుముందు జూన్ కంటే 41 శాతం పెరిగాయి. ఫోర్డ్, క్రైస్లర్ కూడా జూలైలో మొదలుపెట్టాయి. శరదృతువు వచ్చేసరికి? పడిపోయాయి. అక్టోబర్‌లో కొనాల్సినవాళ్లు జూన్, జూలైలోనే కొనేశారు మరి. 2020 మార్చిలో కోవిడ్ రాగానే కొన్ని కంపెనీలు ఏకంగా 84 నెలలకి సున్నా వడ్డీ పెట్టాయి. ఆ మరుసటేడు చిప్పుల కొరత వచ్చి లాట్‌లో పది కార్లు కూడా లేని రోజుల్లో రిబేట్లన్నీ మాయమైపోయాయి, స్టిక్కర్ మీద మూడు వేలు, అయిదు వేలు అదనంగా ఇచ్చి కొన్నవాళ్లతో నేనే సంతకాలు పెట్టించాను. ఆఫర్ ఎంత పెద్దదో చూస్తే ఆ మోడల్ లాట్‌లో ఎన్నాళ్లుగా ఎండుతోందో తెలిసిపోతుంది. మీ కారు మీద సున్నా వడ్డీ ఉందంటే వాళ్లకి దాన్ని వదిలించుకోవాలని ఉంది. బేరంలో ఇది గుర్తుపెట్టుకోండి.

బేరం అన్నాను కాబట్టి డీలర్ సంగతి. ఇక్కడే మన వాళ్లు ఎక్కువ పోగొట్టుకుంటారు. కంపెనీ ఇచ్చే రిబేట్ వేరు, డీలర్ ఇచ్చే తగ్గింపు వేరు. కంపెనీ సొమ్ము మీ చేతికి అందించడంలో డీలర్‌కి పైసా ఖర్చు లేదు. కానీ సేల్స్‌మన్ "మీకోసం మా మేనేజర్‌తో పోట్లాడి నాలుగు వేలు తగ్గించాను సార్" అంటాడు, కాగితం తీసి చూస్తే అందులో మూడు వేలు కంపెనీ రిబేటే, వాళ్లు వదులుకున్నది వెయ్యి. నేను లాట్‌లో ఉన్నప్పుడు ఇదే మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. అందుకే ముందు రిబేట్లన్నీ పక్కన పెట్టించి, రిబేటుకి ముందు మీ అమ్మకపు ధర ఎంత అని ఒక్క లైనులో రాయించుకోండి. రిబేట్ ఆ కింద, విడి లైనులో. మీరు చెప్పిన 34,000 రిబేటుకి ముందు ధరో కాదో కూడా ఒకసారి చూసుకోండి, లేకపోతే నా పై లెక్కంతా తప్పు.

ఇంకో అబద్ధం: "సున్నా వడ్డీ తీసుకుంటే డిస్కౌంట్ ఉండదు సార్." కంపెనీ రిబేట్ ఉండదు, నిజమే. డీలర్ తగ్గింపు ఎందుకు ఉండదు? ఇలా ఎందుకంటారో చెబుతాను. మామూలు బ్యాంకు అప్పు అయితే బ్యాంకు మాకు 5.5 శాతానికి ఒప్పుకుంటుంది, మేం మీకు 7.5 అని చెబుతాం, ఆ రెండు శాతంలో వాటా మాది. సున్నా వడ్డీ అప్పులో పెంచడానికి సందు లేదు, మాకు ఒక చిన్న ఫ్లాట్ ఫీజు వస్తుంది, అంతే. కాబట్టి ఫైనాన్స్ గదిలో ఉన్నవాడికి మీరు రిబేట్ తీసుకుని వాడి బ్యాంకులో అప్పు చేయడమే ఇష్టం. మీకు ముందే క్రెడిట్ యూనియన్ నుంచి 6 శాతం ఆమోదం చేతిలో ఉంది కదా, మంచి పని చేశారు, దాన్ని బల్లమీద పెట్టి మాట్లాడండి. అప్పటిదాకా 7.5 అన్నవాడు 5.9కి దిగడం నేను చాలాసార్లు చూశాను. దింపింది నేనే అయినప్పుడు కూడా.

డీలర్‌కి విడిగా వచ్చే డబ్బు కూడా ఉంటుంది, అది మీ కాగితం మీద ఎక్కడా కనపడదు. కారు అమ్మాక కంపెనీ తిరిగిచ్చే హోల్డ్‌బ్యాక్ సాధారణంగా స్టిక్కర్ ధరలో రెండు మూడు శాతం దాకా ఉంటుంది. కొన్ని మోడళ్ల మీద డీలర్ క్యాష్. అన్నిటికంటే పిచ్చిది మెట్ల బోనస్: నెలలో 60 కార్లు అమ్మితే మొదటి కారు నుంచీ కారుకి 400 ఇస్తాం, 59 దగ్గర ఆగితే సున్నా అంటుంది కంపెనీ. నేను మునుపు పనిచేసిన ఒక చోట ఒక నెల 31వ తేదీ సాయంత్రం ఏడింటికి 58 దగ్గర ఉన్నాం. 60 అయితే 24,000 డాలర్లు. మేనేజర్ బోర్డు ముందు నిలబడి మార్కర్ మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. అప్పుడే ఒక జంట, చంకలో పసిపాప, ఊరికే చూసి పోదామని వచ్చారు. వాళ్లు భయపడుతూ అడిగిన ధర మా కొన్న ధర కంటే 1,500 తక్కువ. మేనేజర్ నవ్వు మొహంతో సరే అనేశాడు. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో వాళ్లకి అర్థంకాక, కారులో ఏదో లోపం ఉందేమోనని ఇంకో అరగంట కారు చుట్టూ తిరిగారు పాపం. 60వ కారు రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లింది, దాని మీద ఇంకా ఎక్కువే పోగొట్టుకున్నాం. ప్రతి నెలాఖరూ ఇలా ఉంటుందని అనుకోకండి, లక్ష్యం ఇరవయ్యో తేదీకే దాటేసినా, అందే ఆశ లేకపోయినా మా మేనేజర్ రాయిలా కూర్చునేవాడు.

ఇప్పుడు మీ క్రెడిట్, అంటే మీ అప్పుల చరిత్ర సంగతి, దీన్ని మీరు ప్రశ్నలో అసలు ఎత్తలేదు. ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాల్లో "అర్హత ఉన్న క్రెడిట్‌కి మాత్రమే" అని ఉంటుంది. సున్నా వడ్డీ మొదటి శ్రేణి వాళ్లకే. స్కోర్ ఒక్కటీ సరిపోదు, చరిత్ర కూడా చూస్తారు. రెండేళ్ల కిందట ఒక గుంటూరు అబ్బాయి వచ్చాడు, స్కోర్ 745, మొహంలో ధీమా. రిపోర్ట్ తెరిస్తే ఉన్నది 800 డాలర్ల లిమిట్‌తో ఒకే ఒక్క కార్డు, వయసు పద్నాలుగు నెలలు. కంపెనీ వాళ్లు మొదటి శ్రేణి ఇవ్వలేదు, 6.9 చెప్పారు. అబ్బాయి మొహం చూడలేకపోయాను. తర్వాత కాలేజ్ గ్రాడ్ ప్రోగ్రామ్ కింద మళ్లీ పంపాం: డిగ్రీ కాపీ, ఆఫర్ లెటర్, చదువయ్యాక పని చేయడానికిచ్చే ఓపీటీ కార్డు. ఈసారి మెరుగైన రేటు వచ్చింది, పైగా 500 రిబేట్. టయోటా, హోండా, హ్యుందాయ్ లాంటి వాళ్లకి ఈ ప్రోగ్రాములు ఉన్నాయి, చదువు ముగిసి రెండేళ్లలోపు అయితే సాధారణంగా వర్తిస్తుంది. సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు, చెప్పినందుకు వాడికొచ్చేదేం లేదు. కాబట్టి మీకు సున్నా వడ్డీ ఆమోదం వచ్చాకే రెండిట్లో ఏది అని ఆలోచించండి, రాకముందు ఆ ప్రశ్నే లేదు.

నెలవారీ వాయిదా మాత్రమే చూసి ఒప్పుకోకండి. "నెలకి ఎంతైతే మీకు బాగుంటుంది?" అని అడిగారంటే 60 నెలలని 72కో 84కో లాగడానికి. సున్నా వడ్డీ తరచుగా 60 దాకానే ఉంటుంది, 72కి వెళితే 1.9, 2.9 అవుతుంది, చూసుకోకుండా సంతకం పెట్టేస్తారు.

పన్నుల గురించి రెండు ముక్కలు. కొన్ని రాష్ట్రాల్లో కంపెనీ రిబేటుకి ముందు ధర మీదే సేల్స్ టాక్స్ వేస్తారు, కాలిఫోర్నియా అలాంటిదే. అక్కడ మూడు వేల రిబేట్ వచ్చినా ఆ మూడు వేల మీదా పన్ను కట్టాల్సిందే. రెండోది, 2025 నుంచి 2028 దాకా అమెరికాలోనే తయారైన కొత్త కారు అప్పు మీద కట్టిన వడ్డీని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాదికి 10,000 దాకా, ఒంటరి వ్యక్తికి ఆదాయం లక్ష దాటితే తగ్గుతూ పోతుంది. 6 శాతం అప్పుకి ఇది కొంచెం ఊరట, కానీ మీ అప్పు మీద అయిదేళ్ల వడ్డీ మొత్తం కలిపినా 4,320, అందులో 22 శాతం ఆదా అయినా 950. ఆ 1,320 తేడా పూడదు.

ఎలక్ట్రిక్ కారు అయితే మీరు విన్న 7,500 ప్రభుత్వ రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసిపోయింది. ఇప్పుడు అంత తగ్గింపు కనిపిస్తే అది కంపెనీ తన జేబులోంచి ఇస్తున్నదే, ఎక్కువగా లీజుల్లో దాస్తారు. లీజులో వడ్డీని మనీ ఫ్యాక్టర్ అంటారు, 0.00125 అనేది కంటికి ఆనదు గానీ 2,400తో గుణిస్తే 3 శాతం అవుతుంది. అది వేరే పెద్ద కథ.

చివరిగా, ఆఫర్ నెలాఖరుతో అయిపోతుందని సేల్స్‌మన్ అన్నా, చాలా కంపెనీల అమ్మకాల నెల 31తో కాదు, తర్వాతి నెల రెండో తేదీనో మూడో తేదీనో ముగుస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్ కొడితే ఆఫర్ కింద తేదీ రాసే ఉంటుంది. ఆ తేదీ చూసుకుని, డిగ్రీ కాపీ, ఆఫర్ లెటర్, క్రెడిట్ యూనియన్ కాగితం పట్టుకుని, ఆ ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లండి. ఖాళీ కడుపుతో మాత్రం రావద్దు, మా గదిలో మూడు గంటలు పడుతుంది, ఇచ్చేది చిన్న నీళ్ల బాటిలొక్కటే.